కూత పెట్టి కూర్చో

వెదురుగుంపు, మణుగూరు పైన
నవంబరు 12

రైలమ్మ జ్యోత్స్నకు,

ఉత్తరం రాయమన్నావు, రాస్తున్నాను. ఫోన్ చేస్తే ఎత్తకుండా, "హాస్టల్లో ఉన్నప్పుడు సెలవుల్లో రాసుకున్నట్టు మళ్ళీ ఉత్తరాలు రాసుకుందాం పుష్పా" అని మెసేజ్ పెడితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. నాకు మాత్రం అనుమానమేసింది. వానాకాలం వెళ్ళిపోయే రోజుల్లో ఒక సాయంత్రం నువ్వు మాట్లాడుతూ మాట్లాడుతూ ఫోన్ కట్ చేశావు. నేను మా సిగ్నల్ బండ మీద నిలబడి హలో హలో అని అరుస్తుంటే కింద మేకలు కాసేవాళ్ళు నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి నీ గొంతు వినలేదు. అప్పుడు నేను నీ పెళ్ళి మాట ఎత్తాను, దానికి అలిగావా? అలిగితే అలిగానని రాయి. భద్రాచలం హాస్టల్లో ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళం, మన మధ్య దాపరికం ఏమిటి.

సరే, అసలు సంగతి. మా గుంపు ఆడవాళ్ళం కలిసి ఆదివారాలు వచ్చేవాళ్ళను వాగు దాకా నడిపించి, ఇంత అన్నం పెట్టి పంపుతున్నాం కదా. ఇప్పుడు దాన్ని పెద్దది చేయాలనుకుంటున్నాం. వీపున బ్యాగు వేసుకుని మూడు రోజుల నడక. మా వెదురుగుంపు దగ్గర మొదలుపెట్టి, దొప్పలగుట్ట ఎక్కి దిగి, గోదావరి ఒడ్డుకు చేరడం. పూర్వం మా నాయనమ్మ జంపక్క వాళ్ళు భద్రాచలం తిరునాళ్ళకు నడిచిపోయిన దారి అది. ఫారెస్టు ఆఫీసులో "ముందు ఒకసారి నడిచి చూపించండి, తరువాత చూద్దాం" అన్నారు. దారి జంపయ్య బాబాయికి తెలుసు. కానీ మేము నడిస్తే ఏం గొప్ప? మేము పుట్టిందే ఆ గుట్ట కింద. బయటి మనిషి నడవాలి.

అందుకని నిన్ను పిలుస్తున్నాను. తిరుమలాయపాలెం పక్క తండాలో పుట్టి, పరీక్ష రాసి రైల్వేలో చేరి, మధిరలో సుత్తీ స్పానరూ పట్టుకుని రోజూ పట్టాల వెంట నడిచే మనిషివి. నువ్వే మధ్యలో కూలబడితే ఇంకెవరినీ తీసుకుపోయే పని లేదు. నువ్వు గోదావరి చూస్తే, ఖమ్మం నుంచి వచ్చేవాళ్ళలో సగంమందైనా చూస్తారు.

ఒక్క రూలు ముందే చెప్తున్నాను. అడవిలో పేరు పెట్టి పిలవకూడదు. అది మా నాయనమ్మ ఆర్డర్. పేరు పిలిస్తే వినకూడనిది వింటుందని ఆమె నమ్మకం. నాకైతే పేరుకన్నా కూత దూరం పోతుంది కాబట్టి పెట్టిందనిపిస్తుంది. దారి తెలిసినవాళ్ళు ఒకచోట నిలబడి "కూ" అని కూత పెడతారు. వెనకబడ్డవాళ్ళు "ఊ" అని బదులిస్తూ ఆ కూత వైపు నడిచి రావాలి. ఎవరూ కూతవేటు దూరం దాటి విడిపోకూడదు. కబడ్డీలో ఊపిరి బిగబట్టి కూత పెట్టి హాస్టల్‌ను గెలిపించినదానివి, నీకు నేర్పేదేముంది.

సెలవు ఎప్పుడు దొరుకుతుందో రాయి. కొండచీపుర్లు కట్టించి ఉంచానని మీ అమ్మకు చెప్పు.

నీ పుష్ప


మధిర, రైల్వే క్వార్టర్స్
నవంబరు 21

అడవిరాణి పుష్పకు,

అలగలేదు. పెళ్ళి మాటకు అలగడం మొదలుపెడితే మా తండాలో ఒక్కరితో కూడా మాట్లాడలేను. ఆ రోజు ఛార్జింగ్ అయిపోయింది. తరువాత నుంచి క్వార్టర్స్‌లో సిగ్నల్ సరిగ్గా ఉండటం లేదు. ఉత్తరమైతే దాచుకుని మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. ఇక ఆ సంగతి వదిలెయ్.

నడకకు వస్తాను. ఎందుకు రాను? రోజూ కంకర మీద నడిచే కాళ్ళు ఇవి. వీపున బరువంటావా, మా గ్యాంగ్‌లో పట్టాలు లేపే జాకీ ఒకసారి ఎత్తి చూడు, తరువాత మాట్లాడదాం. నీ గుట్ట నన్నేం చేస్తుంది.

కూతవేటు దూరం అన్నావే, నవ్వొచ్చింది. నీ కూతా నా కూతా ఒకటి కాదు తల్లీ. ఇక్కడ కూత పెట్టేది ఇంజను. అది వినగానే దాని వైపు నడవం, పట్టాలు దిగి పక్కకు ఉరుకుతాం. కూత వింటే దగ్గరికి రావాలని నువ్వు చెప్తే నా కాళ్ళు ఒప్పుకుంటాయో లేదో చూసుకో.

ఇక్కడ అంతా మామూలే. మా గ్యాంగ్‌కు పెద్ద, మేట్ భీమ్లా అన్నకు ఈమధ్య నా మీద కోపం. "ఏందే, ఒక్కసారి చెప్తె వినవ్, ధ్యాస యాడుంటది నీది" అంటాడు. ఆయన గొంతు తగ్గింది, తిట్లు నాకు. మిగతావాళ్ళు వంగి పనిచేస్తుంటే ఒకరు నిలబడి రైలు వస్తుందేమో కనిపెట్టి విజిల్ ఊదాలి కదా, ఆ డ్యూటీ నాకు పడకుండా ఎవరితోనో ఒకరితో మార్చుకుంటున్నాను. ఊరికే నిలబడటం నాకు విసుగు. ఇంట్లో మా అమ్మతో టీవీ సౌండ్ గురించి రోజూ పోట్లాట. నేను పెంచుతాను, ఆమె తగ్గిస్తుంది.

డిసెంబరు మూడో వారంలో సెలవు దొరికింది. గుట్ట మీదికి ఒంటరిగా పోతున్నానని అమ్మ అనుకుంది. పుష్ప ఉందంటే "గా పిల్ల ఉంటె సరే" అంది. నీకు మంచి పేరే ఉంది మా ఇంట్లో.

ఒక చిన్న కోరిక. నడిచేటప్పుడు నువ్వు నా కుడిపక్కన ఉండు. బ్యాగు ఎడమ భుజానికి వేసుకునే అలవాటు, నీకు తగులుతుంది.

నీ జ్యోత్స్న


వెదురుగుంపు
డిసెంబరు 27

జ్యోత్స్నకు,

గోదావరి ఒడ్డున నిన్ను బస్సెక్కించి, బ్యాగు అందించి వెనక్కి వచ్చేశాను. నోరు తెరిస్తే ఏడుస్తానో తిడతానో నాకే తెలియలేదు. ఇప్పుడు నిమ్మళంగా రాస్తున్నాను, చదువు.

మొదటి రోజు నువ్వు నడిచిన తీరుకు బాబాయి "పోరి గట్టిది" అని నాతో అన్నాడు. ఆయన నోటి వెంట అంత మాట రావడం అరుదు. రెండో రోజు కష్టమని నాకు ముందే తెలుసు. తెల్లారగానే వాగు దాటి గుట్ట ఎక్కడం మొదలుపెట్టాం. చదును మీద నడిచే మనిషివి కదా, ఎక్కుడు నీకు కొత్త. "మా పట్టాలకు ఎక్కుడుండదే, ఇంజనుకు ఆయాసమొస్తదని చదునుగ వేస్తరు" అని చెట్టు పట్టుకుని రొప్పుతూ చెప్తుంటే బాబాయి కూడా నవ్వాడు. సగం గుట్ట దాకా నవ్వుకుంటూనే పోయాం. ఆ పైన వెదురు ముళ్ళు, కాలు పెడితే జారే రాళ్ళు. నీళ్ళుంటాయనుకున్న ఊట ఎండిపోయి ఉంది. డబ్బాల్లో మిగిలిన నీళ్ళు ముగ్గురం మూతలతో తాగాం. నీ మడమ తోలు ఊడి సాక్సు రక్తమైంది. బ్యాగు పట్టీలు భుజాలు కోసేశాయి. బ్యాగు నాకిమ్మంటే ఇవ్వలేదు. "నేను తెచ్చుకున్న బరువు నేనే మోస్త" అన్నావు. అప్పుడు నిన్ను చూస్తే నాకు గర్వమేసింది.

మధ్యాహ్నం దాటాక గుట్ట నెత్తి మీద మబ్బు దిగింది. బాబాయి నీళ్ళు వెతకడానికి ముందుకు పోయాడు. నువ్వు మడమకు గుడ్డ కట్టుకుంటానని కూర్చున్నావు. దారి చూసి వస్తానని నేను నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగితే తెల్లటి మబ్బు తప్ప ఏమీ లేదు. కూత పెట్టాను. "ఊ" అన్నావు, దగ్గరే ఉన్నావు. మళ్ళీ పెట్టాను. ఊ అన్నావు, కానీ కొంచెం దూరంగా. ఆ తరువాత ఇంకా దూరంగా. నేను నిలబడి పిలుస్తున్నాను, నువ్వు బదులిస్తూనే దూరంగా పోతున్నావు. చివరికి బదులు కూడా లేదు. నాయనమ్మ మాట కాదని నీ పేరు పెట్టి కూడా అరిచాను.

ఆ పక్క లోయ ఎంత లోతో నీకు తెలియదు. పోయిన ఏడు ఒక ఎద్దు పడితే తీయలేకపోయారు. ఆ అంచు వెంట నేను మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను. పొద్దుగూకే వేళకు నీ రైల్వే విజిల్ విని బాబాయి పోయి నిన్ను పట్టుకొచ్చాడు. నన్ను చూసి నువ్వు అన్నది ఒకే మాట, "ఇంక అన్నం వండలేదా" అని.

బాబాయి ఇక వద్దంటున్నాడు. "మనం కూత పెడితె ఉల్టా పోయేటోళ్ళను తీస్కపోతె రేపు ఎవరి పాణం మీదికొస్తదో. బంద్ పెడదాం బిడ్డా" అన్నాడు. ఆయన లేకుండా నా వల్ల కాదు. దారి సంగతి అలా ఉంచు, నాకు ఒక్కటి చెప్పు. కూత విన్నావు. విన్నానని బదులిచ్చావు. మరి ఎందుకు అటు పోయావు?

పుష్పలత


మధిర
జనవరి 4

పుష్పకు,

నిన్ను భయపెట్టినందుకు బాధగా ఉంది. ఏదో పిట్ట కనిపిస్తే చూద్దామని అటు నడిచాను. మబ్బులో దారి తప్పింది. ఎవరికైనా జరిగేదే కదా, దీనికి నడకే మానేయడం దేనికి. మడమ మానింది. డ్యూటీకి పోతున్నాను. చీపుర్లు బాగున్నాయని అమ్మ చెప్పమంది.

జ్యోత్స్న


వెదురుగుంపు
జనవరి 10

జ్యోత్స్నా,

మబ్బులో నీకు నా ముఖం కనిపించలేదు గానీ పిట్ట కనిపించిందా?

అబద్ధమైనా కాస్త అందంగా ఆడాల్సింది. మధిర లాంటి ఊళ్ళో సిగ్నల్ లేదన్నావు, నమ్మినట్టు ఊరుకున్నాను. మూడు రోజులు ఒకే పొయ్యి దగ్గర కూర్చున్నాం, మూడు రోజులూ నువ్వు నా మాటకు సగం సగం జవాబులు చెప్పావు. బాబాయి నీళ్ళు కావాలా అని అడిగితే పక్కకు కూడా తిరగలేదు. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. నేను నీకు చేదైపోయానేమో, అడవి మనుషులతో మాటలేమిటనుకుంటున్నావేమో అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకున్నాను, మళ్ళీ అనుకున్నాను.

నిజం రాయి. లేదంటే ఉత్తరమే రాయకు. నీ అబద్ధం మోసుకురావడానికి మా పోస్టుమాన్ గణేష్ అంత దూరం సైకిల్ తొక్కనక్కరలేదు.

పుష్పలత


మధిర
జనవరి 19

పుష్పా,

నా ఎడమ చెవి వినపడదు.

ఈ ఒక్క ముక్క రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. ఇప్పుడు రాసేశాను కాబట్టి మిగతాది కూడా రాస్తాను.

వానాకాలంలో జ్వరం వచ్చిందని చెప్పాను కదా. జ్వరం తగ్గింది గానీ చెవిలో హోరు మొదలైంది. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే చుక్కలు వేశాడు. కొన్నాళ్ళకు హోరు ఆగింది, సంతోషపడ్డాను. తీరా చూస్తే హోరుతోపాటు చెవి కూడా పోయింది. ఒక చెవి పోతే సగం వినిపిస్తుందనుకుంటాం. అలా కాదు. కుడి చెవి మంచిదే, దాదాపు అన్నీ వినిపిస్తాయి. ఎటునుంచి వస్తున్నాయో మాత్రం తెలియదు. ప్రతి చప్పుడూ కుడిపక్క నుంచే వచ్చినట్టుంటుంది. అమ్మ వంటింట్లోంచి పిలిస్తే నేను వీధి గుమ్మంలోకి పోతాను.

నువ్వు ఫోన్ చేసిన ఆ సాయంత్రం డ్యూటీ దిగి పట్టాల పక్కన నడుస్తూ మాట్లాడుతున్నాను. మంచి చెవికి ఫోన్ పెట్టుకుంటే ఇక నాకు లోకంలో ఏమీ వినపడదు. నువ్వు పెళ్ళికొడుకు మీసాల గురించి ఏదో అంటున్నావు, నేను నవ్వుతున్నాను. ఒక్కసారి గాలి కొట్టింది. చూస్తే నా ఎడమ భుజం పక్కనుంచి గూడ్సు పోతోంది. చెయ్యి చాపితే తగిలేది. డ్రైవర్ ఎంతసేపటి నుంచి కూత పెడుతున్నాడో ఏమో. ఫోన్ కంకరలో పడి ఆగిపోయింది. తరువాత బాగుచేయించాను, కానీ అది మోగితే ఇప్పటికీ చెవి దగ్గర పెట్టుకోకుండా బోర్లా పెట్టేస్తాను. అందుకే ఉత్తరాలు. కాగితంతో ఆ బాధ లేదు.

ఇక గుట్ట సంగతి. ఆ పొద్దున్నుంచి నేను నీ కాళ్ళు చూస్తూ నడిచాను. నువ్వు ఎడమపక్కకు వచ్చినప్పుడల్లా నీ మాటలు పోతున్నాయి, ఏమన్నావని అడగలేక నవ్వుతున్నాను. బాబాయి నీళ్ళు ఇస్తానంటే నిజంగా వినలేదు. నాలుక పిడచకట్టుకుపోయి ఉంది, అడిగితే వద్దంటానా? భుజాలు మండుతున్నాయి, మడమలో ప్రతి అడుగుకూ సూది దిగుతోంది. అయినా ఎక్కుతుంటే లోపల ఒక సంతోషం. వానాకాలం తరువాత మొదటిసారి, వెనక రైలు వస్తుందన్న భయం లేకుండా నడిచాను. ఆ బరువు, ఆ దాహం నాకు బాగానే అనిపించాయి.

మబ్బు దిగాక కళ్ళు కూడా పోయాయి. నీ కూత వినిపించింది, కుడివైపు నుంచి. లేచి కుడికి తిరిగి నడిచాను. మళ్ళీ వినిపించింది, మళ్ళీ కుడివైపే. మళ్ళీ తిరిగాను. నువ్వు నా చుట్టూ తిరిగి ఆటపట్టిస్తున్నావేమోనని ఒక క్షణం కోపం కూడా వచ్చింది. నడిచేకొద్దీ కూత సన్నబడుతోంది. జల్దీ పోవాలని ఇంకా వేగంగా నడిచాను. నా కాలి కింది రాయి ఒకటి జారి కిందికి పోయింది. అది పడిన చప్పుడు ఎంతసేపటికీ వినిపించలేదు. అప్పుడు బ్యాగు కూడా దించకుండా ఉన్నచోటనే కూలబడ్డాను.

అక్కడ కూర్చుని ఏడ్చాను పుష్పా. పడిపోతానని కాదు. ఇక రేపటి నుంచి నాకు నేను కూడా అబద్ధం చెప్పుకోలేనని తెలిసిపోయి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, రైన్‌కోటు జేబులో విజిల్ ఉందని గుర్తొచ్చింది. మా గ్యాంగ్‌లో విజిల్ ఊదితే పక్కకు తప్పుకోండని అర్థం. నేను మాత్రం రండి, రండి అని ఊదాను.

ఎందుకు చెప్పలేదంటావు. చెవి పోయినదాన్ని పట్టాల మీద ఉంచరు. ఉద్యోగం పోతుంది. మా తండాలో సుత్తి పట్టి పట్టాల మీదికి పోయిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. నన్ను చూపించి ఆడపిల్లలను చదివిస్తున్నారు. ఇంటికి తిరిగిపోయి వాళ్ళకు నా ముఖం ఎలా చూపించను? వచ్చే నెల నుంచి ఒంటరిగా పట్టాలు తనిఖీ చేసే వంతు నాకు పడుతుంది. ఏం చేయాలో తోచడం లేదు.

నీ దారి మూసెయ్యకు. తప్పు గుట్టది కాదు, నీ కూతది కాదు. బాబాయికి కూడా చెప్పు, ఆయన మీద నాకు కోపమేమీ లేదని.

జ్యోత్స్న


వెదురుగుంపు
ఫిబ్రవరి 3

నా జ్యోత్స్నకు,

నీ ఉత్తరం సిగ్నల్ బండ ఎక్కి చదివాను. ఎందుకో అక్కడే చదవాలనిపించింది. ఏడ్చాను. తరువాత నీ మీద పట్టరాని కోపం వచ్చింది. తరువాత నా మీద. కుడిపక్కన నడవమంటే బ్యాగు కోసం అనుకున్నాను చూడు, నాకంటే పిచ్చిది ఇంకొకతి ఉంటుందా. ఆ గూడ్సు నీ భుజం పక్కనుంచి పోతుంటే నేను మీసాల గురించి వాగుతూ ఉన్నాను.

బాబాయికి చెప్పాను. చుట్ట ముట్టించాడు. "గా పిల్ల నడిచినంత సేపు దొరకలె. కూసున్నంక దొరికింది" అన్నాడు. అయితే ఏంది బాబాయ్ అన్నాను. "రెండు చెవులున్నోళ్ళు గూడ మబ్బుల ఆగమైతరు. గుట్టకు తగిలి కూత ఉల్టా వినొస్తది. మీ నాయనమ్మ చెప్పింది గుట్ట ఎరిగినోళ్ళకు. కొత్తోళ్ళకు గది పనికిరాదు" అన్నాడు. నాయనమ్మ మాటను ఆయన పక్కన పెట్టడం నేను ఎప్పుడూ చూడలేదు.

కాబట్టి రూలు తిరగేశాం. మా దారిలో ఇప్పుడు తప్పిపోయినవాళ్ళు నడవకూడదు. ఉన్నచోటనే కూర్చుని కూత పెట్టాలి. విన్నవాళ్ళే నడిచి రావాలి. ఎంత ఆలస్యమైనా సరే, కూత పెట్టినవాళ్ళు లేవకూడదు.

బాబాయి మనసు మారింది కాబట్టి పోయిన వారం ఖమ్మం నుంచి మొదటి జట్టును తీసుకుపోయాం. అందులో మురళీకృష్ణ అని ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. వద్దన్నా ఫోటోల కోసం వెదురులోకి దూరి దారి తప్పాడు. కానీ రూలు గుర్తుపెట్టుకున్నాడు. కూర్చుని కూత పెట్టాడు. గొంతు పట్టేసిన కోడిపుంజులా ఉంది ఆ కూత, మేం నవ్వు ఆపుకుంటూ పోయి తీసుకొచ్చాం. అందరూ గోదావరి చూశారు. ఫారెస్టు ఆఫీసులో సరే అన్నారు. ఈ నెలాఖరు వారంలో ఇంకో జట్టు వస్తోంది. ఈ దారి నీ వల్ల నిలబడింది, అది నువ్వు తెలుసుకోవాలి.

ఇప్పుడు నీ సంగతి. మెత్తగా చెప్పడం నాకు రాదు. గుట్ట మీద నీ ప్రాణం ఒక్కటే ఉంది. పట్టాల మీద నీతోపాటు వంగి పనిచేసేవాళ్ళ ప్రాణాలు ఉన్నాయి. ఆ ఒంటరి డ్యూటీకి పోకముందే భీమ్లా అన్నకు చెప్పు. ఉద్యోగం పోతుందని నువ్వే అనుకున్నావు, ఎవరినీ అడగలేదు. ఆ చెవి సంగతి దాచుకుని నువ్వు ఆర్నెల్ల నుంచి మబ్బులో నడుస్తూనే ఉన్నావు. ఇక కూర్చో. నడుస్తూ ఉంటే నువ్వు ఎవరికీ దొరకవు.

నీ పుష్ప


మధిర
ఫిబ్రవరి 14

పుష్పకు,

చెప్పేశాను.

పొద్దున పని మొదలుపెట్టకముందే భీమ్లా అన్నను పక్కకు పిలిచి చెప్పాను. ఆయన నడిచి వచ్చి నా కుడిపక్కన నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిట్టాడు కూడా. "వానకాలంలనే చెప్పాల్సిన మాట గదనే ఇది. నీ పక్కన నిలబడ్డోళ్ళకు ఏమన్నయితె ఎవరు జిమ్మేదార్?" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడితే మెల్లగా, "పని పోతదని ఎవరు చెప్పిన్రు నీకు? పట్టాల మీదికెల్లి పక్కకు జరుపుతరు, గంతే. మా దోస్తుకు కన్ను పోతె స్టోర్ల ఏసిన్రు. జీతం గూడ తగ్గలె" అన్నాడు. ఇన్నాళ్ళు నేను ఒక్కదాన్నే రాత్రుళ్ళు ఏడ్చింది దేనికో నాకే అర్థం కాలేదు.

ఆ రోజే నా సుత్తి, జెండాలు తీసేసుకున్నారు. మెడికల్ అయ్యేదాకా పట్టాల మీదికి రావద్దన్నారు. విజిల్ మాత్రం ఉంచుకో అన్నాడు అన్న. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె లేచి టీవీ సౌండ్ పెంచింది. వచ్చి నా పక్కన కూర్చుంది.

పట్టాల మీది నడక పోతుంది, అది బాధగానే ఉంది. ఏ పట్టా దగ్గర ఏ కంకర కదులుతుందో నా కాళ్ళకు తెలుసు. స్టోర్‌లో నట్లూ బోల్టులూ ఇస్తూ కూర్చోవడం నాకు చేతనవుతుందో లేదో. చలికాలం వస్తే మళ్ళీ దొప్పలగుట్ట ఎక్కాలని మాత్రం గట్టిగా ఉంది. ఈసారి నీళ్ళు ఎక్కువ తెచ్చుకుంటాను.

మెడికల్ ఇరవై నాలుగున, సికింద్రాబాద్‌లో రైల్వే దవాఖానాలో. అమ్మకు మోకాళ్ళు, అంత దూరం రాలేదు. ఒక్కదాన్నే పోతాను. పరీక్షకు భయం లేదు, ఏం చెప్తారో తెలిసిందే. కానీ అక్కడ పెద్ద హాలు ఉంటుందట, ఎన్నో తలుపులు. పేరు పిలుస్తారట. ఏ తలుపు దగ్గర నుంచి పిలిచారో నాకు తెలియదు కదా. వాళ్ళు పిలుస్తూ ఉంటే నేను ఆ హాలులో గుండ్రంగా తిరుగుతూ ఉంటానేమోనని, అదొక్కటే భయంగా ఉంది.

నిన్ను రమ్మని అడగడం లేదు. ఆ వారం నీకు మనుషులు వస్తున్నారని తెలుసు. వాళ్ళను వదిలి రాకూడదు. ఊరికే నీకు చెప్తున్నాను.

ఇంకేం రాయాలి. నవ్వకు.

కూ.

జ్యోత్స్న


వెదురుగుంపు
ఫిబ్రవరి 19

జ్యోత్స్నకు,

వినిపించింది.

వచ్చేవాళ్ళను బాబాయి తీసుకుపోతాడు. "నువ్వు పో, రూలు రూలే" అన్నాడు. ఈ ఉత్తరం ఇవాళే బస్సెక్కిస్తున్నాను, నాకంటే ముందే నీకు చేరాలి. ఇరవై మూడు సాయంత్రానికి మధిర స్టేషన్‌లో ఉంటాను. మొదటి ప్లాట్‌ఫారం మీద నీళ్ళ పంపు పక్కన బెంచీ ఉంది కదా, అక్కడ కూర్చో. నా కోసం గేటు దగ్గరికీ బస్టాండుకూ తిరగకు. బండి ఆలస్యమైనా లేవకు.

దవాఖానాలో పేరు పెట్టి పిలిస్తే పిలవనీ, అది అడవి కాదు, నాయనమ్మ ఏమీ అనుకోదు. నేను నీ ఎడమపక్కన కూర్చుంటాను. అటువైపు నేను వింటాను.

కదలకు. వస్తున్నాను.

పుష్ప